భద్రంగానే ఉంది, పోయింది తప్ప

తెలంగాణలో సర్వరుకు కన్నం పడితే ముందు పరుగెత్తేది ఇంజనీరు కాదు, పత్రికా ప్రకటన. "ఆందోళన వద్దు, సున్నితమైన సమాచారమేదీ పోలేదు" అన్న వాక్యం ఏ బీరువాలోనో సిద్ధంగా ఉంటుంది కాబోలు. తేదీ మార్చుకుంటే చాలు.

2024 వేసవిలో పోలీసుల హాక్ ఐ యాప్ డేటా ఆన్‌లైన్ అంగట్లో 150 డాలర్లకు బేరానికొచ్చింది. ఆ కేసులో జూన్‌లో 20 ఏళ్ల కుర్రాణ్ని గ్రేటర్ నోయిడాలో పట్టుకున్నారు. అంతవరకు భేష్. ఆ వెంటే వచ్చిన వివరణే ముచ్చటైనది: యాప్‌లో ఉన్నవి ఫోన్ నంబరు, చిరునామా, ఈమెయిల్ లాంటి మామూలు వివరాలేనట, సున్నితమైనవేవీ పోలేదట. పాస్‌వర్డు బలహీనంగా ఉండటమో, ఎవరికో దొరకటమో కారణమై ఉండొచ్చట.

వనపర్తిలో రాత్రి బస్సెక్కి పట్నం పోయే ఆడపిల్ల, ఆపదొస్తే నొక్కుదామని ఆ యాప్ పెట్టుకుంటుంది. వెంటపడేవాడికి కావలసినవీ సరిగ్గా ఆమె నంబరూ, ఇల్లూ. అవి మామూలు వివరాలైతే సున్నితమైనదేమిటి? బహుశా ఆ పాస్‌వర్డే. ముట్టుకోగానే విరిగింది కదా!

గద్వాల నేతగాడు నూలు చీరకు పట్టు అంచు కలిపే చోట పోగుపోగూ చూసుకుంటాడు. అక్కడ ఊడిపోతే, "నూలు భాగం చెక్కు చెదరలేదు" అని ప్రకటన ఇచ్చి బయటపడలేడు.

ఈ కన్నాలు కొత్తవేమీ కావు. 2019 ఏప్రిల్ చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) సర్వర్లను రాన్సమ్‌వేర్ బిగించేసింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు కరెంటిచ్చే దక్షిణ డిస్కం కూడా వాటిలో ఉంది. బిల్లు కట్టకపోతే కనెక్షన్ పీకే సంస్థ, ఆన్‌లైన్‌లో బిల్లు కట్టించుకోలేక కూర్చుంది.

అంతా భద్రమేనని చాటుకోవడం సర్కారీ గుమాస్తాల జబ్బే అనుకుంటే ఒరాకిల్‌కు అన్యాయం చేసినట్టే. తన సాఫ్ట్‌వేర్ బద్దలవదని 2001లో ఊరూవాడా చాటుకున్న కంపెనీ అది. డేటాబేస్‌కు వచ్చే ప్రతి పిలుపునూ ముందు అందుకునే లిజనర్‌లో ఓ కన్నం ఉందని హోషెయన్ కోరెట్ అనే పరిశోధకుడు 2008లోనే చెప్పాడు. పాస్‌వర్డు లేకుండానే ఎవడైనా తానూ ఆ డేటాబేస్‌నేనని అక్కడ పేరు నమోదు చేయించుకుని, వచ్చే పోయే డేటాను తనవైపు మళ్లించుకోవచ్చు. 2012 ఏప్రిల్‌లో కంపెనీ అతనికి ధన్యవాదాలు చెప్పింది. పూడ్చేశారు కాబోలని అతను వివరాలు బయటపెట్టాడు. తీరా చూస్తే పూడ్చింది ఇంకా విడుదల కాని వెర్షన్లలో! వాడుతున్నవాళ్ల డేటాబేస్‌లు అలాగే నోరు తెరుచుకుని ఉన్నాయి. ఏప్రిల్ 30న హెచ్చరిక వచ్చింది, సెట్టింగులు ఇలా మార్చుకోండని. నాలుగేళ్లు నానబెట్టిన చిట్కా.

మళ్లీ మన ఊరికొస్తే, హైదరాబాద్ మహేశ్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో 12 కోట్లకు పైగా దొంగలు మళ్లించుకున్నారు. సైబర్ భద్రత నియమాలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. అదే ఏడు వచ్చిన డేటా రక్షణ చట్టం, సమాచారం పోగొట్టుకున్నవాళ్లకు ఆ సంగతి చెప్పాలంటోంది. అంతకుముందు 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో గడువు 6 గంటలు. అదీ సెర్ట్-ఇన్‌కు చెప్పడానికి. వనపర్తి పిల్లకు ఎన్ని గంటల్లో చెప్పాలో వాటిలో రాయలేదు.