నాలుగు సెంట్ల జాగా

రాజంపేటలో మా ఇంటి పక్కనే నాలుగు సెంట్ల జాగా ఉంది. బిడ్డ పెళ్లికి అక్కరకొస్తుందని కొన్నాను. 2021 సంక్రాంతి వెళ్లగానే దాని చుట్టూ రాతి కూసాలు నాటించి ముళ్లతీగ లాగించాను. నా జన్మలో నేను చేసిన బుద్ధితక్కువ పని అదే.

అంతవరకు సాయంత్రమైతే వీధి పిల్లలందరూ అక్కడే. మగపిల్లలు టెన్నిస్ బంతితో క్రికెట్, గోడవారన ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల, మసక పడ్డాక అందరూ కలిసి దాగుడుమూతలు. తల్లులు గడపల్లో కూర్చుని పూలు కట్టుకుంటూ అటే ఓ కన్నేసి ఉంచేవాళ్లు. నా కూతురికి అప్పుడు తొమ్మిదేళ్లు. పిలిచి పిలిచి గొంతు పోయేది గానీ ఇంటికొచ్చేది కాదు.

లోక్‌సభ స్థానానికో జిల్లా అంటుంటే రాజంపేటే జిల్లా కేంద్రమవుతుందని ఊరంతా నమ్మిన రోజులవి. జాగాకు ధర వస్తుందని ఆశ. పదిమంది తిరిగే చోటని రేపు ఎవరైనా అడ్డం తిరుగుతారేమోనని భయం. కూసాలు దింపుతుంటే మా ఇంటామె, "పిల్లోళ్లు యాడ ఆడుకోవాల?" అనింది. "ఊరంతా ఉంది కదా" అన్నాను.

ఊరంతా లేదు. ఆ ఎండాకాలం కరోనా మళ్లీ విరుచుకుపడి బడులు మూతబడ్డాయి. ఆ ఏడే నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట కొట్టుకుపోయాయి. మా చిన్నతనంలో ఆ ఏటి ఇసుకే మా మైదానం. చెడుగుడు ఆడి, పడి లేచి, చెలమ తోడుకుని నీళ్లు తాగి ఇళ్లకు చేరేవాళ్లం. వరద తర్వాత ఏటి మాటెత్తితేనే తల్లులు హడలిపోయారు. వాళ్ల భయం న్యాయమైనదే. ఏటికి పోవద్దు, రోడ్డెక్కొద్దు. కళ్లెదుట మిగిలిన ఒక్క చోటికీ నేను ముళ్లతీగ కట్టి పెట్టాను.

మగపిల్లలు ఏదో దారి వెతుక్కున్నారు. సైకిళ్లెక్కి ఊరి చివరి బయళ్లకు పోయారు. ఆడపిల్లలు ఎక్కడికీ పోలేదు. ఇంట్లో కూర్చున్నారు, అంతే. మా వీధుల్లో ఆడపిల్ల ఆట గడపలోంచి కేకేస్తే వినబడేంత దూరమే. ఆ దూరంలో చోటు పోతే ఆట పోయినట్లే. ఇద్దరాడపిల్లలతో పుట్టి పెరిగినవాణ్ణి, ఈ మాత్రం నాకు తట్టలేదు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చింది, కేంద్రం రాయచోటికి పోయింది. నా జాగాలో కంపచెట్లు మొలిచాయి.

ఏడో తరగతిలో పాపకు బోర్డు మీది అక్షరాలు మసకబారాయి. కళ్ల డాక్టరమ్మ అద్దాలు రాసిస్తూ, "రోజూ బయట ఎంతసేపు ఉంటుంది?" అని అడిగింది. పాప నా వైపు చూసింది. నేను నేల చూశాను. తర్వాత చదివాను: చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచితే, మూడేళ్లలో దూరపు చూపు తగ్గినవాళ్లు నూటికి 30 మంది, అలా ఉంచని బడుల్లో దాదాపు 40 మంది. మా పాప కళ్లద్దాలకు ఆ కంచే కారణమని చెప్పలేను. కాదని చెప్పే ధైర్యమూ లేదు. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పదకొండు నుంచి పదిహేడేళ్ల బడిపిల్లల్లో ప్రపంచమంతటా మగపిల్లల్లో నూటికి 78 మందికి, ఆడపిల్లల్లో 85 మందికి అది దక్కడం లేదని 2019లో ఆ సంస్థ పరిశోధకులే లెక్క తేల్చారు. ఆ రెండు అంకెల మధ్య తేడా చదువుతుంటే నాకు మా వీధే కనిపించింది.

మొన్న ఎండాకాలం తీగ తీయించి, కూసాలు పీకించి, కంప కొట్టించాను. రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు పక్కింటి బుడ్డది గుమ్మం దగ్గర నిలబడి, "ఈడ ఆడుకుంటాం పెద్దనాయనా?" అని అడిగింది. ఆ జాగా ఎన్నడూ తమది కానట్టు అడిగిన ఆ మాటకు నా గొంతు పూడుకుపోయింది. చూస్తుండగానే ఎనిమిది మంది చేరారు. సుద్దముక్కతో బండ మీద గడులు గీశారు.

లోపలికెళ్లి మా పాపను పిలిచాను. గడపదాకా వచ్చి, అద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"వాళ్లంతా చిన్నపిల్లోళ్లు నాయనా" అనింది.