కుక్కకు కొమ్ముల చదువు

అమెరికాలో కుక్కలు కొమ్ములు ఏరుకొస్తాయి. గాలి కబురు కాదు, నిజమే. చలికాలం పోయే ముందు అక్కడి మగ దుప్పులకు కొమ్ములు ఊడి పడతాయి. మంచు కరగగానే జనం అడవి మీద పడి ఏరుకుంటారు. తమ కళ్ళు చాలక కుక్కలకు నేర్పుకున్నారు. దానికొక సంఘం, పోటీలు, నెగ్గిన కుక్కకు బిరుదులు కూడా ఉన్నాయి. వయోమింగ్ రాష్ట్రంలోని జాక్సన్ ఊళ్ళో నడి కూడలిలో అచ్చంగా కొమ్ములతో నాలుగు తోరణాలు కట్టుకున్నారు. ఏటా మే నెలలో స్కౌటు పిల్లలు ఏరిన కొమ్ములు అక్కడే వేలం వేస్తారు. వాళ్ళ అడవి, వాళ్ళ దుప్పి, వాళ్ళ కుక్క. మనకేం పేచీ?

పేచీ ఎక్కడొచ్చిందంటే, ఆ కుక్కల వీడియోలు సెల్‌ఫోన్లెక్కి మా గడివేముల దాకా దిగాయి. "పెట్టుబడి లేని యాపారం అన్నా! దుప్పి వదిలేసిందే కదా, మనమేమన్నా సంపినామా? కుక్కను నేర్పుకుంటే సాలు, అదే తెచ్చి పడేస్తది" అని టీ అంగడి దగ్గర లెక్కలు వేసే మేధావులు తయారయ్యారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇక్కడ సోమలింగం ల్యాబ్రడార్ జాతి.

చదువు ఎలా చెప్పాలో ముందు వినండి. మొదట మెత్తని రబ్బరు కొమ్ము. నిజం కొమ్ముతో మొదలుపెడితే మొన నోట్లో గుచ్చుకుని కుక్కపిల్ల జన్మలో మళ్ళీ దాని జోలికి పోదట. రబ్బరుది వసారాలో విసరాలి, తెస్తే మురిసిపోవాలి, మళ్ళీ విసరాలి. అది పట్టుబడ్డాక నిజం కొమ్ము. చేతులకు తొడుగులు వేసుకునే ముట్టుకోవాలి, లేదంటే కుక్క కొమ్ము వాసన మాని మన చేతి వాసన వెంట పడుతుంది. గడ్డిలో మొనలు పైకి కనబడేలా పెట్టి ఆకారం గుర్తుపట్టించాలి, ఆ తర్వాత పొదలో దాచి ముక్కుకు పని చెప్పాలి. ఇంత ఓపిగ్గా పిల్లలకు ఎక్కాలు నేర్పించిన ఇల్లు ఈ మండలంలో ఒక్కటి చూపించండి, దండం పెడతా.

అన్నీ చెప్పిన వీడియో పంతులు ఒకటి మింగేశాడు. నేర్పడానికి ఆ నిజం కొమ్ము యాడిది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొమ్ము కూడా ట్రోఫీయే. అనుమతి లేకుండా ఇంట్లో పెట్టుకుంటే నేరం. మామూలుగా మూడేళ్ళ దాకా జైలు; జరిమానా ఒకప్పుడు పాతిక వేలుండేది, 2022 సవరణతో లక్షకు ఎక్కింది. అంటే కుక్కకు ఓనమాలు రాకముందే ఇక్కడి పంతులు ముద్దాయి. మా జేజి కాలంలో దుప్పి కొమ్ము సానరాయి మీద అరగదీసి నొప్పికి పట్టు వేసేవాళ్ళు, గోడకు బిగించి తువ్వాలు తగిలించేవాళ్ళు కదా అంటారేమో. అలాంటి పాత సరుకు ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోండని 2003లో ప్రభుత్వం 180 రోజుల గడువిచ్చింది. మన పెద్దలు ఆ గడువంతా తువ్వాళ్ళు ఆరేసుకుంటూ గడిపారు.

సరే, చట్టాన్ని కాసేపు చెట్టెక్కించి, కుక్కను తోలుకుని ఊరు దాటుదాం. పడమర గని వైపు పోతే వేల ఎకరాల సౌర పలకలు, అక్కడ రాలేది ఎండ ఒక్కటే. బిలకలగూడూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీ. మిడుతూరు వైపు పోతే రోళ్ళపాడు అభయారణ్యం, అక్కడ జింకలున్నాయి. శనగ చేలల్లో పడి మేస్తున్నాయని రైతులు నెత్తీనోరూ బాదుకునేంతగా ఉన్నాయి. మేధావి కళ్ళు మెరిశాయి. పాపం, అవి కృష్ణజింకలు. మెలికలు తిరిగిన ఆ కొమ్ములో లోపల ఎముక, పైన మన గోళ్ళలో ఉండే పదార్థమే తొడుగు. పుట్టాక ఒకసారి మొలిస్తే చచ్చేదాకా అది రాలదు. ఏటేటా రాలేది చుక్కల దుప్పికి, కణుజుకు. వాటిది ఉత్త ఎముక. నూగు చర్మం కింద పెరిగి, గట్టిపడ్డాక చర్మం ఎండి ఊడి, ఒకనాడు మొదలుకంటా పడిపోతుంది. కాబట్టి రోళ్ళపాడులో కుక్క ఎంత గొప్పదైనా నూరేళ్ళు వెతికినా రాలిన కొమ్ము దొరకదు. దానికీ మనవాళ్ళ దగ్గర జవాబుంది. రోళ్ళపాడు అభయారణ్యం కట్టింది బట్టమేక పిట్ట కోసం, ఆ పిట్టేమో కనబడడమే మానేసింది. లేని పిట్టకు అభయారణ్యం ఉండగా, రాలని కొమ్ముకు కుక్క ఉంటే తప్పా?

కొమ్ము రాలే దుప్పి కావాలంటే తూర్పుకు మళ్ళాలి. కుందూ దాటి, బండి ఆత్మకూరు దాటి, ఓంకారం కాడ నల్లమల మొదలు. అది దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. లోపల బేస్ క్యాంపులు, కాపలాకు ఆ అడవిలోనే పుట్టిన చెంచులు. ఆకు కదిలితే ఎవరు కదిపారో చెప్పగలిగినవాళ్ళ కళ్ళుగప్పి, మెడలో ఎర్ర పట్టీ కట్టిన ల్యాబ్రడార్‌తో లోపలికి పోవాలి. పైగా చిరుతకు కుక్కంటే ప్రాణం, ఆ ప్రాణం కుక్కదైతే మరీను. ఇంకొక చిక్కు. అమెరికా దుప్పులు ఒక రుతువు చూసుకుని రాలుస్తాయి. మన చుక్కల దుప్పులకు అలాంటి పంచాంగం లేదు, ఏ నెలలో చూసినా ఒకదానికి నూగు కొమ్ము, ఇంకొకదానికి గట్టి కొమ్ము, మరొకదానికి బోడి తల. కుక్క ఏడాది పొడుగునా డ్యూటీ చేయాలి. దారిలో కొమ్ము బదులు బతికున్న దుప్పే కనబడితే? ఏ కుక్కయినా తరుముతుంది. తరమడం కూడా చట్టం దృష్టిలో వేటే. కొమ్ముల కేసు కాస్తా వేట కేసవుతుంది.

ఆ వీడియోలు దాచిన సంగతి మరొకటుంది. వయోమింగ్ పడమటి భాగంలో జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా కొమ్ములు ఏరడం నిషిద్ధం. చలికి సగం చచ్చిన జంతువులను జనం కొమ్ముల కోసం పరుగులు పెట్టించి, మిగిలిన ఓపిక కూడా తీసేస్తున్నారని అక్కడి ప్రభుత్వమే గేటు వేసింది. తోరణాలు చూపిస్తారు గానీ గేటు చూపించరు.

ఇక అసలు వాదం: "దానంతట అదే రాలింది, ఎవరికి నష్టం?" ఈ మాట మనదేశం ఒకసారి నమ్మింది. రాలిన దుప్పి కొమ్ములు అమ్ముకోవచ్చని, ఎగుమతి చేసుకోవచ్చని ఒకప్పుడు ఉండేది. రాలిన కొమ్ముల మూటలో చంపి తీసిన కొమ్ములు కలిపేస్తే సంతలో కనిపెట్టేదెవరు? 1998లో ఎగుమతికి తలుపులు మూశారు. తెలిసినవాడు కొమ్మును తిరగేసి మొదలు చూస్తాడు. రాలినదైతే అడుగు గరుకుగా, కాస్త ఉబ్బెత్తుగా, చుట్టూ గుళ్ళు గుళ్ళుగా వలయంతో ముగుస్తుంది. నరికినదైతే ఆ వలయం కింద పుర్రె ఎముక తునక అంటుకునే ఉంటుంది. ఆ తునకను రంపంతో కోసి, రాయి మీద నున్నగా అరగదీసి, "సహజంగా రాలినది, హింస లేనిది" అని చీటీ అంటించడానికి ఎంతసేపు? అదే ముక్కను కుక్కలు కొరుక్కోవడానికి బొమ్మగా అమ్ముతారు. అది ఎంత గట్టిదంటే దవడ పళ్ళు చీలిపోతాయని పశువైద్యులు మొత్తుకుంటారు. కొమ్ము కోసం కుక్క, కుక్క పన్ను కోసం నంద్యాల ఆస్పత్రి.

నష్టం ఎవరికో చెప్పమన్నారు కదా. రాలిన కొమ్మును దుప్పులే నాకి కొరుక్కుంటాయి, కాల్షియం కోసం, భాస్వరం కోసం. ఏదుపంది దాన్ని బొరియకు లాక్కుపోయి కొరుకుతుంది, అటు ఖనిజం దక్కుతుంది, ఇటు పళ్ళూ అరుగుతాయి. రబ్బరు కొమ్ము లేకుండా, చేతి తొడుగులు లేకుండా, బిరుదు లేకుండా కొమ్ములేరే జంతువు నల్లమలలో ఎప్పటినుంచో ఉంది. దానికి పోటీగా నెలకు వేలు పోసి ఇంకొక జంతువును తయారు చేయడమే మన ఆవిష్కరణ.

ఇంత చెప్పినా దారి లేకపోలేదు. చట్టంలోనే ఉంది. ప్రభుత్వ సొత్తయిన ట్రోఫీ చేతికి వచ్చినవాడు 48 గంటల్లోగా పోలీసు స్టేషన్లోనో అధికారి దగ్గరో చెప్పుకోవాలి. కాబట్టి కుక్క తెచ్చిన ప్రతి కొమ్మునూ మోసుకుపోయి అప్పజెప్పండి. ఎక్కడ దొరికింది, అడవిలోకి ఎందుకు పోయావు, కుక్కెవరిది అని అడుగుతారు, వరసగా చెప్పండి.

అన్నట్టు ముక్కుకు ఉద్యోగం లేదని కాదు. పులి తోళ్ళు, ఎముకలు దొంగరవాణా చేసేవాళ్ళను పట్టడానికి 2008 నుంచి మనదేశంలో కుక్కలకు శిక్షణ ఇచ్చి అటవీశాఖలకు పంపుతున్నారు. బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో సామాన్లు వాసన చూస్తాయి. ఆ కుక్క ఏదీ నోట కరుచుకుని తేదు, మొరగదు. వాసన తగిలిన చోట బుద్ధిగా కూర్చుంటుంది. అది ఎవరి సంచి ముందు కూర్చుంటే వాళ్ళు లేచి జీపెక్కాలి.