సింగిలా, డబులా?

“సింగిలా, డబులా సార్?”

ఆమ్లెట్ సంగతైతే వెంటనే చెప్పేసేవాణ్ణి. ఫోన్లో కుర్రాడు అడుగుతున్నది మా నాన్న ఊపిరి సంగతి. అదైనా స్థిమితంగా అడుగుతాడా! పక్కన ఇంకో ఫోన్ మోగుతుంటే “ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్” అంటూ నా ఊపిరి కూడా బిగబట్టిస్తాడు.

ఆక్సిజన్ కాన్‌సన్‌ట్రేటర్ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. 2021 మే నెల కరోనాను దాటిన ఇళ్లలో ఆ మాట తెలియనివాళ్లు లేరు. గోడవార నిలబడి రాత్రింబవళ్లు గుర్రుపెట్టే పెద్దది మాకూ ఉంది. దాంతో పేచీ లేదు. గొడవంతా భుజాన తగిలించుకుని తిరిగే చిన్నదాంతో. మిషన్ కొనడం ఒక్కపూట పని. దానికి తగిన బ్యాటరీలు, వైర్లు, సంచులు, గొట్టాలు ఎంచుకోవడం మాత్రం ఓ పట్టాన తెమలదు. ఇంట్లో ఎవరి అభిప్రాయం వాళ్లది. డబ్బు నాది.

సింగిల్ బ్యాటరీ ఆరున్నర గంటలు, డబుల్ పదమూడు గంటలు అని రంగుల కాగితం మీద అరచేయంత అక్షరాలు. వాటి నెత్తిన ఓ చుక్క గుర్తు. ఆ చుక్క వెంటపడి కాగితం అట్టడుగుకు వెళితే అక్కడ చీమతలకాయంత అక్షరాల్లో ఉంది అసలు సంగతి: ఒకటో నంబరు మీద పెట్టుకుంటేనట. మా నాన్నకు డాక్టరుగారు రాసింది మూడు. మూడు మీద పెడితే ఆరున్నర కాస్తా మూడుకు దిగుతుంది. అది కూడా బుద్ధిగా కూర్చుని, తూకం వేసినట్టు ఊపిరి తీసే మనిషికి. మెట్లెక్కినా, ఆటోవాడితో బేరమాడినా, టీవీలో రాజకీయ చర్చ చూసినా ఊపిరి జోరందుకుంటుంది. అప్పుడు కొన్ని మిషన్లలో బ్యాటరీ గబగబా దిగిపోతుంది. ఇంకొన్నిట్లో బ్యాటరీ నిలుస్తుంది గానీ, ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ తగ్గుతుంది. మొత్తానికి ఎవరో ఒకరు తగ్గాలి. కంపెనీ మాత్రం తగ్గదు.

నంబర్ల భాగోతం ఇంకొకటి. పెద్ద మిషన్ మీద రెండంటే నిమిషానికి రెండు లీటర్లు. చిన్నదాని మీద రెండంటే రెండు, అంతే. దానికి లీటరూ లేదు, సోలా లేదు. మనం ఊపిరి లోపలికి తీయడం పసిగట్టి ఒక్క బుస కొట్టి ఊరుకుంటుంది. ఆ బుస ఎంతన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. అందుకే మనిషి వేలికి ఆక్సీమీటరు పెట్టి, వరండాలో నాలుగుసార్లు అటూ ఇటూ నడిపించి, కొనబోయే మిషన్ మీదే నంబరు తేల్చుకోమన్నారు డాక్టరుగారు. అమ్మే కుర్రాడు ససేమిరా. “రెండంటే రెండు లీటర్లే సార్, కావాలంటే రాసిస్తా” అన్నాడు. ఊపిరాడనప్పుడు ఆ కాగితం ముక్కుకు పెట్టుకోవాలి కాబోలు.

సిలిండర్‌లో ఉన్నట్టు ఇందులో నింపిపెట్టిన సరుకేమీ ఉండదు. గదిలో గాలినే లోపలికి లాగుతుంది. ఆ గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజన్, 21 పాళ్లు ఆక్సిజన్. జియోలైట్ అనే గుళికలు ఒత్తిడి పెడితే నైట్రోజన్‌ను పట్టుకుంటాయి, ఒత్తిడి తీసేస్తే వదిలేస్తాయి. ఆ పట్టువిడుపుల మధ్య మిగిలిన గాలి, నూటికి తొంభై దాకా ఆక్సిజన్‌తో, ముక్కుకు చేరుతుంది. అంటే గాలి ఉచితమే. వేలు పోసి కొంటున్నది లోపలి కంప్రెసర్‌ను తిప్పే కరెంటు. మా నాన్నకు మండింది సరిగ్గా ఇక్కడే.

ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. నమూనాకని తెచ్చిన డబుల్ బ్యాటరీని అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు నుదుటి మీదకు నెట్టి, ముక్కుకు ఆనించుకుని చదివారు.

“98 వాట్ అవర్లు. వెయ్యి అయితే ఒక యూనిట్టు. అంటే ఇందులో ఉన్నది యూనిట్టులో పదోవంతు. ఎంతరా ఖరీదు?”

“నలభై వేల పైమాటే నాన్నా.”

“రూపాయి చెయ్యని కరెంటు మొయ్యడానికి నలభై వేలా? నా సర్వీసు మొత్తంలో ఇంత లైన్ లాస్ ఎక్కడా చూళ్లేదురా!”

జవాబు నా దగ్గర లేదు. కుర్రాడి దగ్గరా లేదు. “మెడికల్ గ్రేడ్ సార్” అన్నాడు. ఆ మాట వినబడితే బేరం అయిపోయినట్టే.

నాన్నను అని లాభం లేదు. ఆయన తరంవాళ్లకు బ్యాటరీ అంటే ఎండలో పెట్టుకునేది. ఈ సంగతి కొంచెం చెప్పుకోవాలి. కొంచెమే.

మా ఇంట్లో రేడియోకు నాలుగు సెల్స్ పట్టేవి. నెల్లూరులో తయారయ్యే నిప్పో అయినా సరే, తొమ్మిది అంకెలోంచి పిల్లి దూకే ఎవరెడీ అయినా సరే, వాటి జీవితంలో దశలుండేవి. కొత్త సెల్స్ ముందు టార్చిలైటుకు. రాత్రి పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లే మనిషి కాళ్ల దగ్గర పాముందో తాడుందో తెలియాలి కదా. టార్చి వెలుతురు పచ్చబడ్డాక వాటిని రేడియోకు దింపేవారు. రేడియోకు అంత కరెంటు అక్కర్లేదు గనక అక్కడ ఇంకొన్నాళ్లు ఉద్యోగం. విజయవాడ కేంద్రం ప్రాంతీయ వార్తలు నూతిలోంచి వినిపించడం మొదలుపెట్టాక వెనక మూత తీసి, నాలుగింటినీ ఎండలో పేర్చేవారు. ఒక పక్క వడియాలు, ఒక పక్క మిరపకాయలు, నడుమ సెల్స్. కాకులు వడియాల జోలికి రాకుండా కర్ర పట్టుకుని కూర్చునే బాధ్యత నాది. సెల్స్‌ను కాకి ముట్టుకోదు గానీ, పక్కింటి అబ్బాయి ముట్టుకునేవాడు. అందుకని వాటికీ నేనే కాపలా.

సాయంత్రం ఒళ్లు కాలుతున్న సెల్స్ తెచ్చి లోపల పెడితే రేడియో గొంతు సవరించుకుని వార్తలు పూర్తిగా చెప్పేది. వాతావరణం దగ్గరకొచ్చేసరికి మళ్లీ నీరసం. అప్పుడు స్ప్రింగు వెనక సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మడిచి దోపడం, సెల్స్ వరస మార్చడం, అరచేతుల మధ్య పెట్టి రుద్దడం. ఇందులో మూఢనమ్మకమేమీ లేదు. ఆ జింకు సెల్స్‌కు విశ్రాంతి ఇస్తే కాస్త తేరుకునేవి. వేడెక్కితే లోపలి రసాయనం చురుగ్గా కదిలి ఇంకో పూట కరెంటు ఇచ్చేది. సైన్సు తెలియకపోయినా ఫలితం తెలుసు. మూడో ఎండకు కూడా లేవకపోతే అప్పుడు పిల్లల పరం. రాయితో పగలగొట్టి మధ్యలో ఉన్న నల్ల కడ్డీ తీసి గోడల మీద రాసేవాళ్లం. నల్లపొడిని దొండాకు పసరుతో కలిపి బడిలో బోర్డుకు పూసేవాళ్లం. పాముల్ని చూపించిన సెల్ వార్తలు చదివి, చివరికి ఎక్కాలు చెప్పేదన్నమాట. ఇప్పటి బ్యాటరీల్లో ఇన్ని అవతారాలెత్తేది ఒక్కటి చూపించండి! నలభై వేలది పోతే ఇంట్లో ఉంచుకోవడానికీ భయమే, చెత్తబండిలో వెయ్యడానికీ భయమే.

అలాంటి మనిషి గనక, ఓ మధ్యాహ్నం బాల్కనీ పిట్టగోడ మీద, ఊరమిరపకాయల చాట పక్కన, ఈ డబుల్ బ్యాటరీ బోర్లా పడుకుని కనిపించింది. మా ఆవిడ కెవ్వుమంది. “మావయ్యగారూ! పేలుతుందండీ!”

“కాస్త ఎండ తగిలితే పుంజుకుంటుందమ్మా” అన్నారాయన, నింపాదిగా.

లిథియం మనసు వేరు. ఎండే దాని శత్రువు. మిషన్‌ను 5 నుంచి 40 డిగ్రీల మధ్య వాడమని పుస్తకంలో రాసి ఉంది. రాసినవాళ్లు మా మేనత్తగారి ఊరు చూసుండరు. ఆవిడది రెంటచింతల. అక్కడ ఎండాకాలంలో 40 అంటే చల్లబడిందని అర్థం. ఆ లెక్కన చైత్రం మొదలు జ్యేష్ఠం దాకా మా నాన్న సొంత చెల్లెలి ఇంటికి వెళ్లకూడదు. మన పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఎక్కువగా జరిగేదీ ఆ నెలల్లోనే. ఎండలో నిలిపిన కారులో కూడా బ్యాటరీ వదలకూడదట. వాడకుండా దాచాలంటే నిండా కాదు, సగం ఛార్జి పెట్టి చల్లటి చోట దాచాలట. వాడితే అరుగుతుంది, వాడకపోయినా అరుగుతుంది.

ఇక తగిలింపులు. కారుకు 12 వోల్టుల వైరు తీసుకోండి, అది దండగ కాదు. దారి పొడుగునా బ్యాటరీ మిగులుతుంది. మిషన్‌లో పెట్టకుండా విడిగా ఛార్జి చేసే ఛార్జరు కూడా పనికొచ్చేదే. తడి గాలికని నీళ్ల సీసా అంటగట్టబోయాడు కుర్రాడు. బుస కొట్టే మిషన్లకు ఆ సీసా పనికిరాదు. యాభై అడుగుల గొట్టం కూడా అంతే, అంత దూరాన్నుంచి మనం ఊపిరి తీస్తున్నామో లేదో దానికి తెలియదు. ముక్కు ఒరుసుకుపోతే వ్యాజలీన్ రాయొద్దు, ఆక్సిజన్‌కూ అలాంటి జిడ్డుకూ పడదు. పొయ్యికీ, దీపానికీ, అగరుబత్తికీ పది అడుగుల దూరం పాటించాలి. దాంతో మా ఇంట్లో హారతి ఇప్పుడు గుమ్మం అవతలి నుంచే చూపిస్తున్నారు, నాన్న కుర్చీలోంచే కళ్లకద్దుకుంటున్నారు. రైల్లో ప్లగ్గుంది కదా అన్నాడు మా తమ్ముడు. చాలా బోగీల్లో ఆ ప్లగ్గు పైన 110 వోల్టులు అని రాసి ఉంటుంది. ఫోన్ల కోసం పెట్టిన ఆ ప్లగ్గు కోసం ఎనిమిది మంది కాచుక్కూర్చుంటారు కూడా. “తాతకు ఊపిరాడాలి, నీ రీల్స్ ఆపు బాబూ” అని ప్రతి స్టేషన్లోనూ పోట్లాడే ఓపిక ఎవరికుంది?

చివరికి నా ఓటు రెండు సింగిళ్లకే పడింది. డబుల్ పెడితే దాదాపు అరకిలో బరువెక్కుతుంది. ఊపిరాడని మనిషి భుజాన అరకిలో చిన్నదేం కాదు. రెండు సింగిళ్లుంటే ఒకటి మొరాయించినా రెండోది ఉంటుంది. మార్చేటప్పుడు మిషన్ ఓ క్షణం ఆగుతుంది కదా అంటాడు తమ్ముడు. కూర్చుని మార్చుకుంటే సరి.

కొన్నాక గమనించిన సంగతి ఒకటుంది. నేను పక్కన లేనప్పుడు నాన్న నంబరు మూడు నుంచి రెండుకు దింపేస్తున్నారు. గదిలోంచి లేచివస్తూ ఫ్యాను కట్టేసే అలవాటు ఆయనది. కరెంటాఫీసు జీతంతో నడిచే ఇల్లయినా, ఊరికే వెలిగే దీపం చూస్తే ఊరుకునేవారు కాదు. ఇప్పుడు ఆ పొదుపు ఊపిరి దాకా వచ్చింది. శుభలేఖ అందితే ఒకప్పుడు “ఎవరిదిరా పెళ్లి?” అనేవారు. ఇప్పుడు “ఎంతసేపట్లో తిరిగొస్తాం?” అంటున్నారు. వెళ్లినచోట కూడా తక్కువ మాట్లాడుతున్నారు. పాత స్నేహితుడు ఎదురైతే చెయ్యి పట్టుకుని, ఆయన చెప్పేది వింటూ, మధ్యమధ్యలో బ్యాటరీ మీది పచ్చ గీతల వంక చూస్తారు. నేను ఎన్ని బ్యాటరీలు కొన్నా ఆ చూపు తప్పించలేను.

మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. నాన్న ఒక్కసారి వచ్చి వెళ్లాలని దాని పట్టుదల. దుబాయ్ నుంచి డల్లాస్‌కు విమానం పదహారు గంటలు. ప్రయాణానికి ఒకటిన్నర రెట్లు బ్యాటరీ చేతిలో ఉంచుకోవాలని విమానంవాళ్లు అడగొచ్చు, అంటే ఇరవై నాలుగు గంటలకు సరిపడా. సీటు దగ్గరి ప్లగ్గును నమ్ముకోవడానికి లేదు. మూడో నంబరు మీద నాలుగు డబుళ్లు కావాలి. అవి సామాన్లలో వెయ్యకూడదు, చేతి సంచీలోనే ఉండాలి. వంద వాట్ అవర్లు దాటితే ముందస్తు అనుమతి కావాలి, 160 దాటితే అసలుకే మోసం. మనది 98, రెండు వాట్ అవర్ల వాసిలో గట్టెక్కింది. బ్యాటరీల ఖర్చు టిక్కెట్టును మించిపోయింది.

లెక్కంతా వీడియోకాల్‌లో చెల్లెలికి వినిపించాను. నాన్న ఫోన్ అందుకున్నారు.

“నువ్వే రావే. నీకు బ్యాటరీ అక్కర్లేదుగా.”

“వస్తే మళ్లీ వీసా స్టాంపింగ్ నాన్నా. అపాయింట్‌మెంట్ దొరకదు.”

“దానికి సింగిల్ చాలా, డబుల్ కావాలా?” అని అడిగారాయన.