ఒసాకాలో ఒక్క సోమవారం

మా పానగల్లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. ఆ గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ ఒకటి పగలంతా కదలకుండా నిలబడి ఉంటుంది. అది ఒక్క స్తంభం నీడ కాదని, మంటపం స్తంభాల నడుమ నుంచి చెదిరి వచ్చే వెలుగు చేసే చిత్రమని చదువుకున్నవాళ్లు చెబుతారు. నాకు మాత్రం అది మా ఊరి గుణం అనిపిస్తుంది. నీడే కదలని ఊళ్లో మనుషులకు తొందరేమిటి?

అలాంటి ఊరివాడికి మా బిడ్డ ఒసాకా నుంచి వాట్సాప్‌లో ఒక ప్లాను పంపింది. కార్తీకంలో నేనూ మా ఆవిడా పది రోజులు పోతున్నాం. బిడ్డకూ అల్లుడికీ కలిసి సెలవు దొరికింది ఒక్కటే రోజు. ఆ ఒక్క రోజులోనే ఊరు చూడాలి, ఊరి తిండి తినాలి. మొదటి వరుసలోనే ఉంది: 9:04 రైలు.

నేను బడిలో సాంఘికం చెప్పి రిటైరైనవాణ్ని. కాలం నాకు శతాబ్దాల లెక్కన తెలుసు గానీ నిమిషాల లెక్కన తెలియదు. "తొమ్మిదిన్నర అనుకుందాం బిడ్డా" అన్నాను.

"నాయినా, 9:04 అంటే 9:04. టోక్యో దిక్కు 2017ల ఒక రైలు 20 సెకన్లు ముందుగాల కదిలిందని కంపెనోళ్లు క్షమాపణ చెప్పిన్రు."

మా పానగల్ నుంచి నల్లగొండకు పోయే ఆటోకు గడియారంతో పని లేదు. మనుషులే దాని గంటలు. ఏడుగురైతే ఇంకా టైం కాలేదు, పదకొండుగురైతే అయింది. ఆ లెక్క బిడ్డకు గుర్తు చేద్దామనుకున్నాను గానీ, జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది, అప్పటికే అక్కడ అర్ధరాత్రి దాటింది. ఆవులింత వినిపించి ఊరుకున్నాను.

ప్లాను ప్రింటు తీయించి, సాయంత్రం ఉదయ సముద్రం చెరువు కట్ట మీద కూచునే మా నలుగురి ముందు పెట్టాను. నలుగురిలో ఎవరూ హైదరాబాద్ విమానాశ్రయం దాటినవాళ్లు కారు. అయినా ఒసాకా మీద అందరికీ అభిప్రాయాలున్నాయి.

ముందు కోట దగ్గరే పంచాయితీ. హిదెయోషి అనే ఆయన 1583లో మొదలుపెట్టిన కోట, ఎన్నోసార్లు కాలింది, కూలింది, ఇప్పుడున్న బురుజు 1931లో కాంక్రీటుతో కట్టింది, లోపల లిఫ్టు కూడా ఉందని చదివి వినిపించాను. "లిఫ్టు ఉంటె అది కోట ఎట్లయితది సారూ? ఆస్పత్రి అయితది" అన్నాడొకాయన. మా పచ్చల సోమేశ్వరాలయంలో కందూరు చోళుల నాటి రాళ్లు అలాగే ఉండగా సిమెంటు కోటకు టికెట్టా అని ఇంకొకాయన. రెండు ఓట్ల తేడాతో కోట ఓడిపోయింది.

దోతొంబొరి గెలిచింది. అదొక కాలువ. దోతోన్ అనే ఆయన తవ్వకం మొదలుపెట్టాడు, 1615లో పూర్తయింది, ఆయన పేరే నీళ్లకు నిలిచింది. మా చెరువూ అంతే, ఉదయ చోడుడు తవ్వించాడు గనక ఉదయ సముద్రం. ఇట్లా చెబితే కట్ట మీద అందరూ దోతోన్‌ను మేనమామలా దగ్గరికి తీసుకున్నారు. ఆ కాలువ ఒడ్డున మిఠాయి కంపెనీ బోర్డు మీద చేతులు పైకెత్తి ఉరికే మనిషి ఫొటో చూపించాను. 1935లో మొదటి బోర్డు పెట్టారన్నాను. "అప్పటిసంది ఉరుకుతనే ఉండా? ఇంక చేరలేదా?" అన్నాడు పాలాయన, నిజమైన జాలితో.

ఇక తిండి. ఒసాకాకు ఒక మాట ఉంది, కుయిదావొరె అని. తిని తిని దివాలా తీయడం. పక్కనున్న క్యోటోకు కిదావొరె, అంటే బట్టలకు ఖర్చు పెట్టి దివాలా తీయడం. ఈ సంగతి ఇంట్లో చెప్పి ఉండకూడదు. మా ఆవిడ వెంటనే ఒసాకాను వదిలేసి క్యోటో పట్టుకుంది. జపాన్‌లో కసురి అనే నేత ఉంది. నూలుకు ముందే ముడులేసి రంగులద్ది నేస్తారు. మన పోచంపల్లి, పుట్టపాకల చిటికీ పనికి చుట్టమే. "పుట్టపాక దాక పోతే దొరికేదానికి జపాన్ దాక ఎందుకే" అన్నాను. ఆ పూట కూరలో ఉప్పు లేదు.

నా దృష్టి మాత్రం ఒకొనొమియాకి మీదే. పేరుకు అర్థం నీకిష్టమైనట్టు కాల్చుకున్నదని. పిండిలో క్యాబేజీ తరుగు, గుడ్డు, తోచిందల్లా వేసి పెనం మీద మందంగా కాలుస్తారు. వీడియో చూసి, ఇది మన తపాలచెక్కకు తమ్ముడే కదా అని మా ఆవిడకు చూపించాను. వడ్డించేటప్పుడు పైన పొరలు పొరలుగా ఏదో చల్లారు. వేడికి అవి మెల్లగా లేచి ఊగసాగాయి.

"ఏందది కదులుతున్నది?"

"ఎండుచేప తరుగు. వేడికట్ల ఊగుతది."

"సచ్చి, ఎండి, తరిగినంక గూడ ఊగుతున్నదంటే దాని ఉసురు మనకెందుకయ్యా" అని ఫోను బోర్లా పెట్టింది. తకొయాకి అంతకుముందే పోయింది. చూడ్డానికి గుంతపొంగణాలే, లోపల ఆక్టోపస్. పప్పుచారు వంటిది ఏదన్నా ఉండదా అంటే, అక్కడి చారుకు మూలం దషి అనే రసం, అందులోనూ ఆ చేప తరుగే.

ఒక్క కుషికత్సు మాత్రం ఆవిడ మనసు గెలిచింది. పుల్లకు గుచ్చి నూనెలో వేయించిన ముక్కలు, కూరగాయలవీ ఉంటాయి. షిన్సెకాయ్ పేటలో అందరికీ కలిపి ఒకే సాస్ గిన్నె పెట్టడం పాత ఆనవాయితీ. నియమం ఒక్కటే: ముక్క ఒక్కసారే ముంచాలి, కొరికాక మళ్లీ ముంచకూడదు.

"ఎంగిలి!" అంది మా ఆవిడ, పరదేశంలో పినతల్లి కూతురు ఎదురైనట్టు. ఒసాకావాళ్ల మీద ఆమెకు ఆ క్షణంలో కలిగిన గౌరవం నా మీద ముప్పై ఆరేళ్లలో కలగలేదు. నేను పచ్చడి గిన్నెలో వేలు పెట్టినరోజులన్నీ వరసగా గుర్తు చేసింది.

ఇలా కోసి, కొట్టేసి, కుషికత్సు ఉదయం పదకొండుకు, షితెన్నోజి గుడి దాని తర్వాత అని ఖాయం చేశాం. గుడిని షోతోకు రాకుమారుడు 593లో స్థాపించాడంటారు, కొలను నిండా తాబేళ్లు. ఫోన్లో చెబుతుంటే బిడ్డ మెల్లగా అంది: "నాయినా, సెలవు దొరికింది సోమవారం."

కార్తీక సోమవారం. సోమేశ్వరుడి ఊరి ఆడబిడ్డ ఆ రోజు చుక్క చూసేదాకా మెతుకు ముట్టదు. తిని దివాలా తీసే ఊళ్లో పాలు, అరటిపండు మీద పగలంతా తిరగాలన్నమాట. అయినా మా ఆవిడ తొణకలేదు. ఆ నెలలో ఒసాకాలో అయిదు ప్రాంతంలోనే పొద్దు గూకుతుందని తెలిసి, దేవుడు జపాన్ వాళ్లకు తొందరగానే కరుణిస్తాడనుకుంది.

"కానీ అమ్మా, దోతొంబొరి లైట్లల్ల చుక్కలు కనపడయి" అంది బిడ్డ.

కట్ట మీద మళ్లీ సమావేశం. మబ్బు పడితే ఎట్లా అని కూడా చర్చించాం. చివరికి దారి అల్లుడే చెప్పాడు. 1937లో జపాన్‌లో మొట్టమొదటి ప్లానెటోరియం పెట్టింది ఒసాకాలోనే. ఇప్పుడు సైన్స్ మ్యూజియంలో పెద్దది ఉంది, మబ్బులున్నా సరే కప్పు కింద కూచుని వేల చుక్కలు చూడొచ్చు. కరెంటు చుక్కలకు ఉపవాసం విడవొచ్చా అని పూజారి గారిని అడిగాం. ఆయన రెండు రోజులు గడువు తీసుకుని, సంకల్పం ముఖ్యం, పోయి రండి అన్నాడు.

అప్పుడు బిడ్డ మ్యూజియం వేళలు చూసింది. సోమవారం సెలవట.