జుమైరా బిల్లు: ఆంధ్రటీకాతాత్పర్య సహితం

అవతారిక

దుబాయిలో మెరీనాకూ సముద్రానికీ నడుమ నలభై టవర్లు బారులు తీరి ఉంటాయి. ఆ చోటి పేరు జుమైరా బీచ్ రెసిడెన్స్. పలకడానికి ఓపిక లేనివాళ్లు జేబీఆర్ అంటారు, అంటే అందరూ. టవర్ల కాళ్ల దగ్గర 2008లో తెరిచిన ‘ది వాక్’ అనే వీధి ఉంది. పొడవు 1.7 కిలోమీటర్లు, ఆ పొడవునా తిండే. లండన్ నుంచి, మాస్కో నుంచి, బీరూట్ నుంచి వచ్చి కాపురాలు పెట్టినవాళ్ల ఈ తీరంలో నిత్యం వెలువడే వాఙ్మయం రెండు రకాలు: రెస్టారెంటు బిల్లు, సూపర్‌మార్కెట్ రసీదు. రెండూ పొట్టివే. రెండింట్లోనూ వాచ్యం తక్కువ, వ్యంగ్యం ఎక్కువ. ఇంతటి ధ్వనికావ్యాలకు తెలుగులో వ్యాఖ్య లేదన్న లోటు తీర్చడానికి, బావమరిది ఇంట అతిథిగా ఉన్న చనువుతో పూనుకున్నాను.

పూర్వవ్యాఖ్యాతలు ఇద్దరు. బిల్లును రూపాయల్లోకి మార్చరాదన్నది బావమరిది మతం. మార్చి తీరాలన్నది ఆయన ఇల్లాలు, అంటే మా చెల్లెమ్మ మతం. దిర్హామును 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున కట్టేశారు. కట్టు తెంచుకుని జారేదల్లా మన రూపాయే గనక, చెల్లెమ్మ మతానికి ఏటేటా బలం చేకూరుతోంది.

ప్రథమ మూలం

(మెనూనూ బిల్లునూ సరిచూసి పరిష్కరించిన పాఠం)

స్టిల్ వాటర్, పెద్దది — 32
బురాటా సలాడ్, వి, డి, ఎన్ — 85
పెన్నే అరాబియాటా, వి, జి — 78
గ్రిల్డ్ హమ్మూర్, డి — 145
వెరసి — 340
ధరలన్నీ దిర్హాముల్లో. 5 శాతం వ్యాట్, 7 శాతం మునిసిపాలిటీ రుసుము, 10 శాతం సర్వీస్ చార్జ్ ఇందులోనే కలవు.

టీక

స్టిల్ వాటర్ = బుడగలు లేని నీళ్లు. కుర్చీ లాక్కుని కూర్చోగానే వడ్డించే అబ్బాయి అడిగే తొలి ప్రశ్న ‘స్టిల్లా, స్పార్క్లింగా’ అని. ప్రశ్నలోనే రెండు జవాబులు పెట్టి, మూడో జవాబుకు చోటు లేకుండా అడగడం ఇక్కడి వాక్యనిర్మాణ చాతుర్యం. మూడో జవాబు కుళాయి. ఈ ఊరి కుళాయి నీళ్లు దాదాపుగా జెబెల్ అలీ దగ్గర సముద్రంలోంచి ఉప్పు తీసి చేసినవే. అంటే మన బల్లకు ఎదురుగా ఎగసిపడుతున్న ఆ నీళ్లకు దగ్గరి చుట్టాలు. వాటిని కాదని, ఇటలీ కొండల్లో ఊరి, సీసాకెక్కి, ఓడెక్కి వచ్చిన నీళ్లను తాగడం సంప్రదాయం.

శంక: దాహానికి మార్గాంతరం లేదా? సమాధానం: ఉంది. 2022లో ‘దుబాయ్ కెన్’ పేరిట బీచుల్లోనూ పార్కుల్లోనూ ఉచితంగా సీసాలు నింపుకునే చలివేంద్రాలు పెట్టారు. అవి ఇసుకలో నడిచేవాడికి విహితం. బల్ల ముందు కూర్చున్నవాడికి నిషిద్ధం అని ఎవరూ రాయలేదు గానీ, ఇంటినుంచి తెచ్చిన సీసా బల్లమీద పెట్టిన నన్ను బావమరిది చూసిన చూపు శాసనం కన్నా గట్టిది.

బురాటా = ఇటలీ దక్షిణాన అపూలియా వారి సృష్టి. పైకి జున్నుముద్దలా ఉంటుంది, కోస్తే లోపలినుంచి మీగడ జారుతుంది. 85 = జారిన మీగడను అందరూ ఫోటో తీసుకునేదాకా ఎవరూ ముట్టుకోకుండా ఉన్నందుకు.

వి, డి, ఎన్, జి = ఇవి మెనూ ఛందస్సులోని గణాలు. వి-గణం శాకాహారం, డి-గణం పాడి, ఎన్-గణం జీడిపప్పు వగైరా గింజలు, జి-గణం గోధుమలోని గ్లూటెన్. ఎ-గణం ఉంటే మద్యం కలిసిందని, పి-గణం ఉంటే పంది మాంసమని. లక్షణ గ్రంథాల్లో శుభగణాలు, అశుభగణాలు అని విడదీసినట్టే ఇక్కడ కూడా ఎవరి అశుభం వారిదే. ఒకే బల్ల దగ్గర శాకాహారి, ముస్లిం, పల్లీలు పడని పిల్లవాడు కూర్చుని, వడ్డించేవాణ్ణి ఒక్క మాట అడగకుండా భోంచేసి లేవగల ఊళ్లు లోకంలో ఎన్నో ఉండవు. ఈ ఒక్క విషయంలో వ్యాఖ్యాతకు వేళాకోళం లేదు.

పెన్నే అరాబియాటా = టమాటా, ఎండుమిరప వేసిన గొట్టాలు. వ్యాఖ్య అక్కర్లేదు. కారం చాలలేదు.

హమ్మూర్ = గల్ఫు జలాల్లో దొరికే పెద్ద నోటి చేప. ఈ తీరపు అన్ని మెనూల్లోనూ నాయకుడు ఇతడే. నాయకుడు కావడమే ఆయనకు ముప్పయింది. అందరూ ఆయన్నే అడగడంతో నిల్వలు పడిపోయి, పర్యావరణ సంస్థలు ‘చూజ్ వైజ్లీ’ పేరుతో వేసిన జాబితాలో ఎర్రగీతలోకి వెళ్లాడు. ఆయనకు బదులు తినదగ్గవి ఇవీ అని అదే జాబితా చెబుతుంది. దాన్ని చదివినవాళ్లూ ఆర్డరిచ్చేవేళకు హమ్మూరే అంటారు, బావమరిది అన్నట్టు.

పళ్లెంలో నాయకుడు తెల్లటి పలకలా వచ్చాడు, ఒంటిమీద గ్రిల్ కడ్డీల నల్లచారలతో. పక్కన అర నిమ్మచెక్క. పిండితే గింజ పడకుండా దానికి పలచటి గుడ్డ చుట్టి, పైన దారంతో ముడి వేశారు. చెల్లెమ్మ ఆ ముడిని చాలాసేపు పరిశీలించి, ‘చూశారా అన్నయ్యగారూ, గింజ ఏరే శ్రమ కూడా మనకు పెట్టలేదు. 145 ఎందుకైందో ఇప్పుడు తెలిసింది’ అంది. ఈ బిల్లుకు ఇదే కీలక వ్యాఖ్య అని నా నమ్మకం. మిగతా టీక అంతా దీనికి విస్తరణే.

5, 7, 10 = అడుగున ఉన్న ఈ మూడు అంకెలు మూలంలోకెల్లా గహనం. వ్యాట్ 2018 జనవరి 1న వచ్చింది. అంతకుముందు గల్ఫులో పన్ను లేదని మురిసిన తరం ఒకటి ఉండేది. మునిసిపాలిటీ రుసుము హోటళ్లలో ఉన్న రెస్టారెంట్లలో కనిపిస్తుంది. మూడూ విడివిడిగా వేస్తే 22 శాతం, ఒకదాని నెత్తిన ఇంకొకటి వేస్తే మరికాస్త. ఇక సర్వీస్ చార్జ్ వడ్డించినవాడి జేబులో పడుతుందా, యజమాని పెట్టెలో పడుతుందా అన్నది బిల్లు చెప్పదు. అందుకే బావమరిది తోలు అట్ట కింద ఇరవై దిర్హాముల నోటు విడిగా పెట్టాడు. ఇది పునరుక్తి దోషం కదా అన్నాను. ‘కాదు బావా, మొదటిది హోటలుకి, రెండోది మనిషికి’ అన్నాడు. మతభేదాలు ఎన్ని ఉన్నా ఈ పాఠం గ్రాహ్యం.

తాత్పర్యం: ముగ్గురు మనుషులు సముద్రం కనిపించే చోట ఒక పూట తిన్నారు. చెల్లెమ్మ మతం ప్రకారం ఎనిమిది వేల రూపాయల పైమాటే. బావమరిది మతం ప్రకారం 340.

విశేషాంశం: బ్రంచ్ అనే దీర్ఘసత్రం కూడా ఈ తీరంలో ప్రసిద్ధం. మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి ముగుస్తుంది, ఒక్కసారి కట్టి తిన్నంత తినవచ్చు. అర్ధశతాబ్దంగా వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి శుక్రవారమే జరిగేది. 2022 జనవరిలో ప్రభుత్వం సెలవును శని, ఆదివారాలకు జరపగానే సత్రం కూడా మూటాముల్లే సర్దుకుని చాలాచోట్ల శనివారానికి మారింది. తిథి మారినా క్రతువుకు లోపం రాలేదు.

ద్వితీయ మూలం

(సూపర్‌మార్కెట్ రసీదు, ధరలు విడిచి)

బీన్స్, కెన్యా. బ్లూబెర్రీలు, పెరూ. గొర్రెమాంసం, ఆస్ట్రేలియా. మామిడి, ఇండియా. కుబ్బూస్, స్థానికం. సంచి.

టీక

ఈ తీరంలో పచారీ దుకాణాలకు కులగోత్రాలున్నాయి. స్పిన్నీస్ ఒక ఆంగ్లేయుడు 1924లో మొదలుపెట్టిన వంశం, దుబాయికి అరవైల్లో వచ్చింది. వెయిట్‌రోజ్ పేరులోనే ఇంగ్లండు ఉంది. క్యారెఫోర్ ఫ్రాన్సు వారిది. లులు త్రిశ్శూరు జిల్లా నాట్టిక నుంచి వచ్చిన యూసఫలీది. ఎవరు ఏ దుకాణానికి వెళ్తారన్నది వారికి ఏ ఇల్లు గుర్తొస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది.

కెన్యా, పెరూ, ఆస్ట్రేలియా = ప్రతి కాయ దగ్గరా దాని జన్మస్థానం రాసి పెడతారు. వరస చూస్తే ధర ప్రయాణ దూరాన్ని అనుసరిస్తుందని తోస్తుంది. బ్లూబెర్రీ డబ్బా చిటికెడు, ప్రయాణం సగం భూగోళం. కుబ్బూస్ పక్కవీధి బేకరీది, అన్నిటికన్నా చవక. సాయంత్రం ఇదే రొట్టెను ప్యాకెట్టుగా చంకన పెట్టుకుని లేబర్ క్యాంపు బస్సెక్కే వాళ్లలో మన కరీంనగర్, నిజామాబాద్ మనుషులు తరాలుగా ఉన్నారు. బ్లూబెర్రీకి, కుబ్బూస్‌కి ఒకే క్యూ.

మామిడి, ఇండియా = ఇక్కడ పై సిద్ధాంతానికి ఆక్షేపం వచ్చింది. తెచ్చినవాడు కౌంటరు దగ్గర సంచుల్లో సర్దిపెట్టే అబ్బాయి. మేం తెలుగులో వాదించుకోవడం విని, కెన్యా బీన్స్ మీద మామిడిపళ్లు పడకుండా అడ్డం సర్దుతూ, ‘మాది జగిత్యాల సైడు సార్. గీ పండ్లే కరామాల సగం ధరకు దొర్కుతయి, ఈడెందుకు గొంటున్నరు’ అన్నాడు, గొంతు తగ్గించి.

ఆక్షేపం బలమైనది. అదే తోట, అదే విమానం, దూరం ఒకటే. మరి ధర రెండు రకాలెట్లా? సమాధానం చెల్లెమ్మ నిమ్మకాయ వ్యాఖ్యలోనే ఉంది. పండు వచ్చిన దూరానికి పైన, మనం పోకుండా మిగుల్చుకున్న దూరానికి కూడా ఇక్కడ ధర కడతారు. మెరీనా నుంచి పాత దుబాయి పేట అయిన కరామాకు మెట్రోలో సిల్వర్ నోల్ కార్డు మీద ఏడున్నర దిర్హాములు, రానుపోను పదిహేను. మూడు పళ్లకైతే వెళ్లినందుకు గిట్టదు. డజను కొంటే గిట్టుతుంది. ఈ లెక్క దుకాణం వాడికి మనకన్నా ముందే తెలుసు.

గసగసాలు = ఇక్కడ గ్రంథపాతం. రసీదులో లేవు, ఏ దుకాణంలోనూ లేవు. ఈ దేశ చట్టం వాటిని మాదకద్రవ్యాల్లో చేర్చింది. ఊరినుంచి వచ్చేవాళ్లు మసాలా పొట్లంలో తెచ్చినా ఎయిర్‌పోర్టులో చిక్కే. చెల్లెమ్మ కోడికూరలో జీడిపప్పు, కొబ్బరి నూరి ఆ ఖాళీ పూరిస్తుంది. పూరణ బాగానే ఉంది, మూలపాఠం వేరు.

సంచి = 2022 జూలైలో ఒక్కసారి వాడి పారేసే సంచికి 25 ఫిల్సు, అంటే పావు దిర్హాము, వసూలు మొదలైంది. 2024 జనవరిలో ప్లాస్టిక్‌ది, జూన్‌లో ఒక్కసారి వాడి పారేసేది ఏదైనా సరే, మొత్తానికే ఆగిపోయింది. ఇప్పుడు సంచి కొనాలి, లేదా తెచ్చుకోవాలి. మేం తెచ్చుకున్నాం అనుకున్నాం, అది కారులో ఉంది.

శేషవాదం: కరామా ప్రయాణం నిశ్చయమైంది, గోంగూర కూడా అక్కడే కాబట్టి. మెట్రోలో డజను మామిడిపళ్లు, గోంగూర కట్టలు మోయడం కష్టమని, కారే శరణ్యమని బావమరిది వాదం. కారైతే షేక్ జాయెద్ రోడ్డు మీద సాలిక్ టోల్ గేట్లు రద్దీవేళ ఒక్కోటి ఆరు దిర్హాములని చెల్లెమ్మ ప్రతివాదం. రాత్రి ఒంటిగంట నుంచి ఆరింటిదాకా టోల్ ఉచితమని ఆయన ఉపపత్తి చూపాడు. ఆ వేళకు గోంగూర అమ్మేవాడు నిద్రలేవడని ఆమె ఖండించింది.