ఆర్గురి మార్కు, ఒక్కరి మాత్ర

అమెరికా దేశమున ఓక్లహోమా విశ్వవిద్యాలయములో వ్యాపారశాస్త్రము బోధించుచుండిన లారీ మైఖేల్‌సన్ అను ఆచార్యుడు, తన తరగతి విపరీతముగా పెరిగిపోయినందున 1970వ దశకపు చివరి భాగమున కల్పించిన బృందాభ్యసనము, వ్యాపారులను దాటి, వైద్యులను దాటి, నేడు ఔషధభద్రత నేర్పెడి ఫార్మసీ కళాశాలలకును విజయము చేసినది.

విద్యార్థి మొదట పరీక్షను ఒంటరిగా వ్రాయును; పిమ్మట అదే ప్రశ్నపత్రమును ఆర్గురు కూడి, గుసగుసలాడి, మరల వ్రాయుదురు. ఈ రెండవ పరీక్షకు తరచు వాడెడి ఉపకరణము లాటరీ టిక్కెట్టునకు తోబుట్టువనదగిన గీకుడు అట్ట. ప్రశ్నకు నాలుగు గళ్ళు; సరియైన గడిని గీకిన అడుగున నక్షత్రము. తొలి గీటుకే దొరికిన పూర్తి మార్కులు, మలి గీటుకు కొంత కోత, అంతియే.

కీళ్లవాతమునకు వాడెడి మెథోట్రెక్సేట్ వారమునకు ఒక్కమారే మింగవలసిన మందు. పొరపాటున దినదినము మింగిన రోగికి నోరు పూచి, ఎముకలలోని మూలుగ క్షీణించి, ప్రాణమే పోవచ్చును. మన బృందము ‘దినమునకు ఒకటి’ అను గడిని గీకినదనుకొందము. నక్షత్రము లేదు. ఒకరి మొగమొకరు చూచుకొని, నాలుక కరచుకొని, ‘వారమునకు ఒకటి’ని గీకుదురు, నక్షత్రము మెరయును, చప్పట్లు మ్రోగును, మార్కులు పడును. తొలి గీటునకు రోగి యేమయ్యెనో చెప్పు గడి ఆ అట్టమీద అచ్చు వేయలేదు.

బృందపు మార్కు విడివిడి మార్కుల సగటును మించినది గావున పద్ధతి ఫలించినదని పండితులు మురియుదురు. ఆర్గురిలో ఒక్కనికి తెలిసి, తక్కిన యైదుగురు గుంపులో గోవింద యన్నచో సగటు మించక యేమగును? సోమరులను పట్టుటకు పరస్పర మూల్యాంకనమను వల యొకటి గలదు. అందరును అందరికిని పదికి పది వేసికొను ఆ ధర్మసత్రమున చిక్కిన చేప నాకు కనబడలేదు.

కలసి పనిచేయుటను నేను నిందించుట లేదు. వైద్యుని పొరపాటును ఫార్మసిస్టు, ఫార్మసిస్టు పొరపాటును నర్సు పట్టుకొనుట వలననే ఆసుపత్రులలో ఎన్నియో ప్రాణములు నిలుచుచున్నవి. కాని వారిలో ప్రతివాడును చీటిని తన కంటితో, మొదటినుండి, పక్కవానిని నమ్మక చూచును. ఒక్కని మాటకు ఊగెడి ఆరు తలలకు ఉన్నది ఒక్క కన్నే.

మనకును బృందకృషి కొత్తది కాదు. 1948 నాటి ఫార్మసీ చట్టము నమోదైన ఫార్మసిస్టు తప్ప అన్యులు వైద్యుని చీటికి మందు కూర్చి యీయరాదని శాసించియున్నను, మన వీథులలో ఎన్నియో దుకాణములయందు గోడమీది పట్టా ఒకరిది, గల్లాపెట్టె వద్ద మాత్రలు కత్తిరించు చేయి మరియొకరిది.

కావున, పాఠకుడా, మెథోట్రెక్సేట్ చీటితో అచ్చటికి పోయినప్పుడు, వారములో ఏనాడు మింగవలెనో అడిగి, ఆ దినము పేరు కవరుమీద వ్రాయించుకొనుము.