అరువు సూర్యుడు

మా జిల్లాలో ఒక విశ్వవిద్యాలయంలో సూర్యుడు చచ్చిపోయాడు. కంగారుపడకండి, బయటివాడు కాదు. ఆయన నడినెత్తిన కూర్చుని నిప్పులు కురిపిస్తూనే ఉన్నాడు. పోయినవాడు ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ ఏసీ గదిలోవాడు. పేరు సోలార్ సిమ్యులేటర్. సోలార్ సెల్స్‌ని పరీక్షించడానికి కొలత ప్రకారం ఎండ కాసే పెట్టె. లోపలి జినాన్ దీపం ఆయుష్షు సుమారు వెయ్యి గంటలు. దాన్ని కానుకిచ్చిన విదేశీ ప్రాజెక్టు ఆయుష్షు మూడేళ్లు. పిల్లలు పొదుపుగా వాడి, ప్రాజెక్టు పోయాక కూడా దీపాన్ని నెల రోజులు బతికించారు.

"కొత్త దీపం కొనరా సార్?" అని ఆచార్యులవారిని అడిగాను.

"స్టాక్ రిజిస్టర్‌లో లేని వస్తువుకి రిపేరేమిటని ఆడిట్ అభ్యంతరమండీ. రిజిస్టర్‌లో ఎక్కిద్దామంటే, మనం కొన్నది కాదు కదా అంటున్నారు."

పక్కన గ్లవ్‌బాక్స్ ఉంది. తేమ తగిలితే చెడిపోయే పెరోవ్‌స్కైట్ సెల్స్‌ని అందులో నైట్రోజన్ మధ్య తయారు చేయాలి. సిలిండర్ ఖాళీ. లోపల ఎవరివో చెప్పులు భద్రంగా ఉన్నాయి. చెక్కుచెదరనిది స్టిక్కరొక్కటే: ఫలానా దేశ ప్రజల కానుక!

ఈ స్టిక్కర్ల విద్యలో ఆరితేరింది అమెరికావారి విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్. రెండు చేతులు కలిసిన బొమ్మ, కింద 'అమెరికా ప్రజల నుంచి' అన్న మాట. ఎక్కడ, ఏ రంగులో అంటించాలో చెప్పడానికి ఒక పుస్తకమే ఉండేది. 2019లో ఈజిప్టులో ఇంధన పరిశోధనకు కేంద్రం పెడదామని ఎంఐటీకి మూడు కోట్ల డాలర్లు ఇచ్చారు. కైరోలోని ఐన్ షమ్స్, ఇంకా మన్సూరా, అస్వాన్ విశ్వవిద్యాలయాలు శిష్యులు. ఐన్ షమ్స్ అంటే అరబ్బీలో 'సూర్యుడి కన్ను'. సూర్యుడి కంటికి ఎండ చూపించడానికి మంచు కురిసే మసాచుసెట్స్ నుంచి గురువులు! అయినా నిష్ఠూరం ఎందుకు, అక్కడి పిల్లలు నేర్చుకున్నది నేర్చుకున్నారు. పాకిస్థాన్‌లోనూ ఇస్లామాబాద్, పెషావర్‌లలో ఇంధన కేంద్రాలు లేచాయి. అక్కడ గురుపీఠం అరిజోనా స్టేట్ యూనివర్సిటీది.

2025 జనవరి 20న ట్రంప్ దొర సంతకం పెట్టాడు: విదేశీ సాయం 90 రోజులు బంద్. 90 రోజులు ఎందుకు, మార్చిలోనే 83 శాతం కార్యక్రమాలు రద్దని ప్రకటించేశారు. జూలై 1కి యూఎస్‌ఎయిడ్ దుకాణమే కట్టేశారు. కరచాలనంలో ఒక చెయ్యి జేబులోకి వెళ్లిపోయింది. రెండోది గాల్లో ఉంది.

అయితే దొరనే తిడుతూ కూర్చుంటే మన పెద్దమనుషులకు అన్యాయం చేసినట్టు. పరిశోధన మీద మన దేశం ఖర్చు 2020-21లో జీడీపీలో 0.64 శాతం. 2023లో చట్టం చేసి పరిశోధనకు ఐదేళ్లలో 50 వేల కోట్లన్నారు. చప్పట్లు కొట్టాక చూస్తే అందులో 36 వేల కోట్లు ప్రైవేటువారు ఇస్తారన్న ఆశ. అత్త సొమ్ము అల్లుడి దానమంటే ఇదే, కాకపోతే ఇక్కడ అత్తగారికి ఇంకా కబురే అందలేదు.

సగం ఖర్చు మనమే పెట్టుకున్న రోజులూ లేకపోలేదు. 2012లో స్వచ్ఛ ఇంధన పరిశోధనకు భారత్, అమెరికా ప్రభుత్వాలు ఐదేళ్లకు చెరో రెండున్నర కోట్ల డాలర్లు వేసుకున్నాయి. జొన్న చొప్పలాంటి వాటి నుంచి ఇంధనం తీసే పనిలో మన హైదరాబాద్ ఐఐసీటీ, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం సరిసమానంగా కూర్చున్నాయి. అక్కడ స్టిక్కరు గొడవ రాలేదు. చందా ఇచ్చినవాడికి పంక్తిలో చోటుంటుంది.

మా డిపార్ట్‌మెంట్ పిల్లలు ఊరుకోలేదు. సెల్‌ని మేడెక్కించి అసలు ఎండలోనే కొలిచారు. ఆ లెక్క పరిశోధన పత్రికలకు పనికిరాదని ఆచార్యులవారు తల పట్టుకున్నారు. ప్రపంచమంతా పాటించే 'ప్రామాణిక ఎండ'ని, అమెరికా సగటు అక్షాంశానికి తగ్గట్టు 37 డిగ్రీల వాలులో లెక్కగట్టారు. మా ఎండకు ఆ వీసా లేదు.

మర్నాడు రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మెమో వచ్చింది. దీపం గురించి అనుకున్నారు పాపం. మేడ తాళం ఎవరి అనుమతితో తీశారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.